రాకెట్టు రెక్కలు

దీపావళి రాత్రి బాలురు సీసాలో నిలిపి వెలిగించు తారాజువ్వకు పొడవైన పుల్ల యొకటి కట్టియుండును. ఆ పుల్ల అలంకారమునకు కాదు. దానిని విరిచి వెలిగించినచో జువ్వ ఆకాశమునకు పోవుటకు మారుగా ముంగిట గిరగిర తిరిగి, ఎవరి కొంగుననో, ఏ గడ్డివామిలోనో దూరును. పుల్ల చేయు పనినే పెద్ద రాకెట్లలో తోకవద్ద నమర్చిన రెక్కలు చేయును. మోటారు ముందునకు త్రోయును. రెక్కలు దారి తప్పనీయవు. ఈ రెండింటికిని పొత్తు కుదురవలెను.

1957 అక్టోబరు 4వ తేదీన రష్యావారు స్పుత్నిక్ అను ఉపగ్రహమును భూమి చుట్టును తిరుగునట్లు ప్రయోగించిరి. ఆ వార్త విన్న అమెరికా బాలురలో అనేకులకు రాకెట్లపై వ్యామోహము పుట్టెను. ఇంటి నేలమాళిగలలోను, పెరటి కొట్టములలోను కూర్చుండి, ఇనుప గొట్టములలో మందు కూరి నిప్పు పెట్టసాగిరి. గొట్టములు ప్రేలెను. వ్రేళ్లు పోయినవారును, కన్నులు పోయినవారును కలరు.

ఈ యాపదకు విరుగుడు అంతకు మూడేండ్ల ముందే, 1954లో, నెబ్రాస్కా రాష్ట్రమందలి నార్ఫోక్ అను పట్టణములో సిద్ధమైయుండెను. దానిని చేసినవాడు శాస్త్రజ్ఞుడు కాడు. చెప్పుల దుకాణము నడుపుకొను ఆర్విల్ కార్లైల్ అను గృహస్థుడు. ఆయన సోదరుడు రాబర్టునకు విమానముల నమూనాలనిన ప్రీతి. ఆర్విల్‌కు బాణసంచాయనిన మక్కువ. ఆయన చేసిన చిన్న రాకెట్టులోని కిటుకు విన్నచో ఇంతేనా యనిపించును. మందు కూరిన కాగితపు గొట్టము వేరు. రాకెట్టు శరీరము వేరు. మందు మండి ముగియగనే లోపలి చిన్న ప్రేలుడు గొడుగును వెలికి నెట్టును. రాకెట్టు మెల్లగా దిగును. కాలిన గొట్టమును తీసివైచి క్రొత్తదానిని దూర్చినచో మరల ఎగురును. మోటారు సిద్ధముగా దొరకినందున బాలుడు మందును చేత తాకవలసిన పని లేదు. కార్లైల్ తన రాకెట్లను న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ ప్రయోగస్థలమున పనిచేయు హారీ స్టైన్ అను ఇంజనీరునకు పంపెను. స్టైన్ వాని విలువ గ్రహించి, 1957లోనే అట్టి రాకెట్లను విక్రయించు సంస్థను స్థాపించెను.

అటుపిమ్మట ఈ వినోదము చాల దూరము పోయినది. మోటారుల శక్తిని ఆంగ్లాక్షరములతో గుర్తింతురు. ‘ఏ’ తరగతి మోటారు మొత్తము ప్రచోదనము 2.5 న్యూటన్-సెకనులు మించదు. ఒక్కొక్క అక్షరమునకు ఆ హద్దు రెట్టింపగుచు పోయి, ‘హెచ్’ వద్ద 320 అగును. ‘హెచ్’ మొదలు పైవానిని మహాశక్తి రాకెట్లందురు. వీని మోటారులు 29, 38, 54, 75, 98 మిల్లీమీటర్ల వ్యాసములలో వచ్చును. విశాలమైన యెడారిలో పెద్ద మోటారు కావలెను. చిన్న పొలమున చిన్నది చాలును. మోటారునకొక రాకెట్టు చొప్పున ఎవరు చేసికొనగలరు?

అందువలన మోటారు గూడును మార్చదగినదిగా చేయుదురు. రాకెట్టు శరీరమను పెద్ద గొట్టము నడుమ చిన్న గొట్టమును ప్లైవుడ్డు వలయములతో సరిగా మధ్యకు నిలిపి, అందులో మోటారును దూర్తురు. 54 మిల్లీమీటర్ల గూటిలో 38 మిల్లీమీటర్ల మోటారును పెట్టవలసినచో నడుమ మరియొక తొడుగు నుంచుదురు. మోటారు త్రోపు ఈ వలయముల ద్వారముననే శరీరమునకు చేరును. మోటారు ముందునకు దూసికొనిపోకుండుట ఒక్కటే చాలదు, వెనుకకును జారరాదు. గొడుగును నెట్టవలసిన ప్రేలుడు, బిగింపులేని మోటారునే వెనుకకు నెట్టివేయును. అప్పుడు గొడుగు లోపలనే యుండిపోవును; రాకెట్టు బల్లెమువలె ముక్కు క్రిందుగా నేలకు వచ్చును. క్రింద మనుష్యులుందురు.

ఇక రెక్కలు. గొడుగుతో దిగు రాకెట్టునకు సాధారణముగా తోకయే ముందుగా నేలను తగులును. నెవాడా రాష్ట్రములోని బ్లాక్ రాక్ యెడారి ఎండిన సరస్సు. అట్టి గట్టినేలపై మొదటి దెబ్బ రెక్కకే. ఎపాక్సీ జిగురుతో అంటించిన రెక్క బలమైనదే కాని, విరిగినప్పుడు శరీరపు గొట్టమును గూడ చీల్చుకొని పోవును. కర్రు అరిగినదని నాగలినంతను పారవైచు రైతు లేడు. ఆ న్యాయముననే కొందరు రెక్క మొదటిని రెండు వలయముల నడుమ గాడిలోనికి దించి మరబోల్టులతో బిగింతురు. విరిగినదానిని ఊడదీసి వేరొకదానిని పెట్టుటకు కొద్ది నిమిషములు చాలును.

అయితే ఊడదీయు రెక్కలకు ఇంతకంటె ముఖ్యమైన ప్రయోజనమొకటి కలదు. దానిని పలువురు గమనింపరు. రాకెట్టు తిన్నగా పోవలెనన్నచో గాలి ఒత్తిడి పనిచేయు పీడనకేంద్రము, గురుత్వకేంద్రమునకు వెనుకనుండవలెను. కనీసము శరీరపు వ్యాసమంత దూరముండుట మేలని అనుభవజ్ఞుల లెక్క; 10 సెంటీమీటర్ల గొట్టమునకు 10 సెంటీమీటర్లు. పీడనకేంద్రమును కాగితముపై గణించు పద్ధతిని 1966లో జేమ్స్ బారోమన్ అను ఇంజనీరు రాకెట్టు ప్రియులకు అందించెను. ఇప్పుడు బరువైన మోటారును తోకలో దూర్చినచో గురుత్వకేంద్రము వెనుకకు జరుగును. ఆ యెడము తరిగిపోవును. నిన్న చిన్న మోటారుతో చక్కగా లేచిన రాకెట్టే నేడు పుల్ల విరిగిన తారాజువ్వయగును. కనుక మోటారు మార్చునప్పుడు రెక్కలను గూడ మార్చవలసి రావచ్చును. పెద్ద రెక్కలు పీడనకేంద్రమును వెనుకకు లాగును.

ఇందులో చిక్కులు లేకపోలేదు. బోల్టులును, వానిని పట్టు లోహపు ముక్కలును బరువే. ఆ బరువు తోకలోనే చేరును. బిగింపు ఏమాత్రము వదులైనను వేగములో రెక్క జెండావలె కొట్టుకొని తెగిపోవును. ఎల్లప్పుడు ఒకే పరిమాణపు మోటారును వాడువాడు జిగురునే నమ్ముకొనుట తప్పుకాదు. మార్పు అవసరము లేనిచోట మార్పుకొరకు బోల్టులు దిగగొట్టుట వట్టి సరదా.

అమెరికాలో మొదటిసారి ‘హెచ్’ లేక ‘ఐ’ తరగతి మోటారుతో అర్హత పొందగోరువాడు రాకెట్టును స్వయముగా నిర్మించి, సాక్షుల యెదుట ఎగురవైచి, చెడకుండ దింపి చూపవలెను. ప్రయోగమునకు ముందు రక్షణాధికారి రాకెట్టును చేతికి తీసికొనును. ఒక్కొక్క రెక్కను పట్టి ఊపిచూచును. మోటారు వెనుకకు జారునేమో లాగిచూచును. రెండు కేంద్రములును ఎచ్చట నున్నవని అడుగును. జవాబు సరిగా లేకున్న రాకెట్టు ఆ దినమున నేల విడువదు.