తాతయ్య ఏ చుక్క?

నాన్నగారు పోయాక వచ్చిన మొదటి వేసవి. డాబా మీద పడుకున్నాం. 'తాతయ్య ఏ చుక్క?' అంది మా పాప. జవాబు తోచక పుస్తకాలు తిరగేశా. సూర్యుడి వెలుగు మనల్ని చేరడానికి 8 నిమిషాలు. ఆండ్రోమెడా గెలాక్సీ నుంచైతే 25 లక్షల ఏళ్లు! పైగా దూరాన ఉన్న గెలాక్సీలు ఇంకా దూరమవుతున్నాయని 1929లో హబుల్ చూపించాడు. పులిసిన పిండి పొంగితే అందులోని జీలకర్ర గింజలు ఎడమైనట్టు, మధ్యనున్న చోటే సాగుతోందట.

'మనమూ విడిపోతామా?' పాప గొంతులో బెంగ.

లేదు తల్లీ, దగ్గరివాటిని గురుత్వాకర్షణ విడిపోనివ్వదు.

తాతయ్య ఏ చుక్కో చెప్పలేకపోయా. నా చిన్నప్పుడు ఆయన చూపించిన అరుంధతిని చూపించా. దాని వెలుగు ఇక్కడికి రావడానికి సుమారు 80 ఏళ్లు. నాన్నగారు పుట్టకముందు బయల్దేరి, ఆయన వెళ్లిపోయాక మా డాబా చేరింది.