తమ్ముడి నుదుటి మీద గీత

పోయినేడు వేసవిలో ఒక ఆదివారం మా తమ్ముడు మార్కాపురం వచ్చి, వసారాలో కూర్చుని టోపీ తీశాడు. నుదుటి మీద అడ్డంగా నల్ల గీత! మార్కరు పెన్నుతో గీసిందట, రెండుసార్లు సబ్బు పెట్టి రుద్దినా పూర్తిగా పోలేదు. "జుట్టు ఇక్కడి నుంచి వస్తుందక్కా" అన్నాడు, వేలితో చూపిస్తూ. ఈ కణత నుంచి ఆ కణత దాకా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉందా గీత.

మా నాయన పలకల ఫ్యాక్టరీలో పనిచేశాడు. అంచులు విరిగి అమ్మకానికి పనికిరాని పలకలు ఇంటికి తెస్తే, వాటి మీదే మేమిద్దరం అక్షరాలు దిద్దుకున్నాం. పలక మీద గీత వంకరపోతే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ గీసుకోవచ్చు. వీడి నుదుటి మీద గీతకి ఆ వీలు లేదు కదా అనిపించింది నాకు.

వాడికి ముప్పై మూడు. ఒంగోలులో ఒక ఫైనాన్స్ కంపెనీలో ఉద్యోగం. రెండు సంబంధాలు పెళ్ళిచూపుల దాకా వచ్చి పోయాయి. ఒకళ్ళు జాతకం కుదరలేదన్నారు. రెండోవాళ్ళు మాత్రం మధ్యవర్తితో ఉన్నమాటే చెప్పి పంపారు, అబ్బాయి వయసు దాచిపెట్టారేమోనని. "మగాడికి జుట్టు లేకపోతే ఏం లోటురా, మీ బావ లేడూ?" అన్నాను. "బావకి పెళ్ళయ్యాక ఊడిందక్కా" అన్నాడు. లోపలి నుంచి మావారి దగ్గు వినపడింది.

నవ్వుకున్నాం గానీ, తర్వాత వాడు చెప్పింది విని నాకు నోట మాట రాలేదు. మూడేళ్ళుగా వాడు చెన్నకేశవస్వామి తిరునాళ్ళకి రాకపోతే సెలవు దొరకలేదనుకున్నాం. గుళ్ళో టోపీ తీయాలి, అందుకని మానేశాడట.

అమ్మ మాత్రం తప్పంతా బోరు నీళ్ళదే అంటుంది. మా వైపు నీళ్ళ సంగతి తెలిసిందే, కుక్కరు అడుగున తెల్లగా పేరుకుపోతుంది. ఆ నీళ్ళకి జుట్టు బిరుసెక్కుతుంది, నిజమే. కానీ కణతల దగ్గర లోపలికి తింటూ, నడినెత్తిన పలచబడుతూ పోవడం వంశంలో వచ్చేదట. అదే నీళ్ళు తాగిన మా మేనమామకి డెబ్భై ఏళ్ళకీ ఒత్తుగానే ఉంది మరి.

ఆ గీత గీసిన చోట వాడు డాక్టరుని చూడనే లేదు. కౌన్సెలరు అనే అమ్మాయి గీసి, ఆ రోజే అడ్వాన్సు కడితే తగ్గింపు ఇస్తామందట. జేబులో అంత డబ్బు లేక బతికిపోయాడు.

గిద్దలూరులో మా పిన్ని కొడుకు ఒకడు ఇరవయ్యారేళ్ళకే ఈ పని చేయించుకున్నాడు. వాణ్ణి కలిసి రమ్మన్నాను. వాడూ అప్పట్లో ఏదో సినిమా హీరో ఫోటో చూపించి, అచ్చం అలాగే కిందికి, తిన్నగా పెట్టించుకున్నాడు. నాలుగేళ్ళు బాగానే ఉంది. తర్వాత ఆ గీతకి వెనకున్న సొంత జుట్టు ఊడిపోయింది. నాటిన జుట్టు మాత్రం పొలం గట్టు మీద కంచెలా నిలబడింది. దాన్ని అలాగే ఉంచుకోలేడు, వెనక నింపుదామంటే తలవెనక తీయడానికి జుట్టు పెద్దగా మిగల్లేదట. "అన్నా, నా నుదురు చూసి వెళ్ళు, అంతే" అన్నాడట మా తమ్ముడితో.

ఆ తర్వాతే ఇద్దరం గుంటూరు బయల్దేరాం, ఈసారి డాక్టరే చూసే చోటికి. ఈ పని శిక్షణ ఉన్న రిజిస్టర్డ్ డాక్టర్లే చేయాలని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది. మార్కాపురం రోడ్డులో రైలెక్కింది మొదలు నాకు మనుషుల నుదుళ్ళు తప్ప ఇంకేమీ కనపడలేదు. దొనకొండ, వినుకొండ, నరసరావుపేట, ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, దిగేవాళ్ళు దిగుతున్నారు. ఒక్క మగవాడికీ జుట్టు తిన్నటి గీతలా మొదలవలేదు. పాలకుర్రాళ్ళకీ ఆడవాళ్ళకీ గుండ్రంగా, కిందికి ఉంది. ముప్పై దాటిన మగవాళ్ళకి కణతల దగ్గర కాస్తో కూస్తో లోపలికి పోయింది. దగ్గర నుంచి చూస్తే అంచున ఒక్కొక్కటే సన్నటి వెంట్రుకలు, అవీ ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ, వాటి వెనక ఒత్తు. ఎదురు సీటు పెద్దాయన, ఎందుకమ్మా అట్లా చూస్తావు అన్నట్టు కండువా నెత్తిన వేసుకున్నాడు.

డాక్టరు నేను రైల్లో చూసిందే చెప్పాడు. న్యూయార్కులో 1950లలో ఆరెన్‌ట్రైక్ అనే డాక్టరు ఈ పని మొదలుపెట్టినప్పుడు తలవెనక చర్మం గుండ్రటి ముక్కలుగా తీసి ముందు పెట్టేవారట. వెనక జుట్టు ఎక్కడ నాటినా తన గుణం మార్చుకోదు, ఊడదు, అని ఆయన చూపించాడు. కానీ ఒక్కో ముక్కలో గుత్తిగా వెంట్రుకలుండేసరికి, ప్లాస్టిక్ బొమ్మ తలకి కుట్టిన జుట్టులా ఉండేదట. ఇప్పుడు ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుండే చిన్న కుదుళ్ళు, గ్రాఫ్ట్‌లంటారు, విడివిడిగా తీసి నాటుతున్నారు. ముందు వరసల్లో ఒంటి వెంట్రుక కుదుళ్ళే, గీతలా కాకుండా అటూ ఇటూగా, సొంత జుట్టు వాలిన వైపుకే వాలేటట్టు.

గీత ఎక్కడ అన్న దగ్గరే పేచీ వచ్చింది. వీడు కనుబొమల మధ్య నుంచి ఆరు సెంటీమీటర్లన్నాడు. డాక్టరు ఎనిమిదన్నాడు. ఒక్క సెంటీమీటరు కిందికి దించితే ఎంత అని అడిగాను. పదిహేను సెంటీమీటర్ల వెడల్పు, చదరపు సెంటీమీటరుకి నలభై గ్రాఫ్ట్‌ల చొప్పున ఆరు వందలు. రెండు సెంటీమీటర్లకి పన్నెండు వందలు. వెనక నుంచి జన్మంతా కలిపి తీయగలిగేది మనిషిని బట్టి కొన్ని వేలు, అంతే. ఇంకా ఊడబోయే నడినెత్తికి ఏం మిగులుతుంది? ఏడాదికి సరిపడా వడ్లు పోయించుకుని, సంక్రాంతికే సగం వండేసిన సంసారం గుర్తొచ్చింది నాకు.

"మీ నాన్నగారి ఫోటో ఉందా?" అన్నాడు డాక్టరు. నా ఫోన్లో ఉంది. నాయనకి నలభై అయిదప్పటిది, పక్కన నేను రెండు జడలతో. కణతలు బాగా లోపలికి పోయి, మధ్యలో నాలుకలా జుట్టు. డాక్టరు ఫోన్ వీడి చేతికిచ్చి, "పదేళ్ళకి మీ తల ఇలా అవుతుంది. ఆ ముఖం మీద మీరడిగిన గీత ఊహించుకోండి" అన్నాడు. వీడు చాలాసేపు చూశాడు. బయటికొచ్చి టీ తాగుతూ, "నాయన బాగానే ఉండేవాడు కదక్కా" అన్నాడు. నేనేమీ అనలేదు. లోపలికెళ్ళి ఎనిమిదికి ఒప్పుకున్నాడు. కణతలు పూర్తిగా మూయొద్దు, లోపలికే ఉంచండి అని తనే చెప్పాడు.

నాటిన రోజు సంగతి పెద్దగా లేదు, ఎనిమిది గంటలు కూర్చుని నాకు నడుం పట్టేసింది. నెల తిరక్కుండా నాటిన వెంట్రుకలన్నీ రాలిపోతే అమ్మ శోకాలు పెట్టింది. అవి రాలి, నాలుగో నెల నుంచి మళ్ళీ మొలుస్తాయని ముందే చెప్పారు గానీ, దిండు మీద చూస్తుంటే నాకూ గుండె జారింది. మొలిచాయి. తొమ్మిదో నెలలో మా వీధి సెలూన్ అతను, "ఏం నూనె రాస్తున్నావు సామీ?" అని అడిగాడు.

ఆ తర్వాత పొదిలి సంబంధం వచ్చింది. అమ్మాయికి చెప్పాలా వద్దా అని ఇంట్లో పెద్ద గొడవ. అమ్మ వద్దంది. మావారు కూడా, అడగనిది ఎందుకు చెప్పడం అన్నారు. నేను మాత్రం చెప్పాల్సిందేనన్నాను. రేపు దిండు మీదో, పాత ఫోటోలోనో ఆ పిల్ల తనే కనిపెడితే, ఆమెకి బాధ జుట్టు గురించి కాదు కదా. రెండోసారి ఫోన్లో మాట్లాడినప్పుడు వాడే చెప్పేశాడు. ఆ పిల్ల కాసేపు ఆగి, తనకి థైరాయిడ్ ఉందనీ, ఆరేళ్ళుగా మాత్ర వేసుకుంటున్నాననీ, వాళ్ళింట్లో చెప్పొద్దన్నారనీ చెప్పిందట. ముహూర్తం పెట్టుకున్నాం.

ఇప్పుడు మిగిలింది అమ్మ మొక్కు. పెళ్ళి కుదిరితే వీడి తలనీలాలు ఇస్తానని తిరుపతి వెంకన్నకి ఎప్పుడో మొక్కుకుంది. "కొనుక్కొచ్చి నాటిన జుట్టు స్వామికిస్తే మొక్కు చెల్లుతుందా?" అని ఒక దిగులు. "కొన్నది కాదమ్మా, వాడి తలవెనకదే" అన్నాను. ఏడాది దాటాక గుండు చేయించుకోవచ్చు, కుదుళ్ళు లోపలే ఉంటాయి, వెనక తీసిన చోట సన్నటి చుక్కలు కనపడితే కనపడొచ్చు అని డాక్టరు చెప్పాడు. అమ్మకి చుక్కల పట్టింపు లేదు. గుండు తర్వాత మళ్ళీ ఆ గీత దగ్గరే మొలుస్తుందా అని మాత్రం రోజూ ఫోన్ చేసి అడుగుతోంది. మొలుస్తుందమ్మా అని రోజూ చెబుతున్నాను.