దీపాలు పెట్టే వేళకు నెట్ పోయేది

మాది తొర్రూరు. వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద ఉంటుంది. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. నేను మెడికల్ కోడర్‌ని. అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లు రాసిన చార్టులు చదివి, ఒక్కో జబ్బుకు ఐసీడీ-10 కోడ్ వేయడం నా పని. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే హైదరాబాద్‌లో మా హాస్టల్ మూసేశారు. ఆఫీసు లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చేశాను. ఆ ఏడాది నెట్‌తో నేను పడ్డ బాధ నాలాగా ఊళ్లో ఉండి పనిచేసేవాళ్లు పడకూడదని ఇది రాస్తున్నాను.

మా పనంతా ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్‌లో నడుస్తుంది. నెట్ కాసేపు పోయినా లాగౌట్ అయిపోతుంది, సగం చదివిన చార్టు మళ్లీ మొదటి నుంచి చదవాలి. రోజుకు ఇన్ని చార్టులని టార్గెట్ ఉంటుంది. తగ్గితే ముందు ఇన్సెంటివ్ పోతుంది, తర్వాత హెచ్చరిక మెయిల్ వస్తుంది. నాకు రెండూ అయ్యాయి. సెప్టెంబర్ 1 నుంచి తమ్ముడికి ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. వాడికి టీవీలో టీశాట్‌లోనో, దూరదర్శన్ యాదగిరిలోనో పాఠాలు వచ్చేవి. నాకు నెట్ తప్ప వేరే దారి లేదు. ఇంట్లో ఫైబర్ నెట్ ఉన్నా పగలు ఆగి ఆగి నడిచేది, సాయంత్రం పోయేది. రాత్రిళ్లు డాబా ఎక్కి, దోమల్లో కూర్చుని, ఫోన్ హాట్‌స్పాట్‌తో పని పూర్తి చేసేదాన్ని. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ఏ మూలకు వస్తుంది? అది అయిపోయాక ఏడుపొచ్చేది. ఒకరోజు నాన్న పైకొచ్చి, "గీ నౌకరీ పోతే పోనియ్ బిడ్డా, నీ పానం కన్నా ఎక్కువనా" అన్నాడు. ఇంట్లో జీతం నాదొక్కటే నడుస్తున్న రోజులవి.

ఫోన్ చేస్తే కస్టమర్ కేర్‌లో ఎప్పుడూ ఒకటే మాట, రూటర్ ఆపి మళ్లీ వేయమని. లైన్ చూడ్డానికి వచ్చిన అబ్బాయి, "సాయంత్రం అందరు వాడుతరక్కా, లోడ్ ఉంటది. మా దిక్కు అంత క్లియర్‌గనే ఉన్నది" అని వెళ్లిపోయేవాడు. ఇక నేనే తెలుసుకోవాలనుకున్నాను.

ముందు ఇంట్లో వైఫై సంగతి చూశాను. రూటర్ ముందు గదిలో ఇనప బీరువా పక్కన ఉంది, నేను పనిచేసేది వెనక గదిలో. మధ్యలో రెండు గోడలు. ఇనుము వైఫై తరంగాల్ని వెనక్కి కొడుతుంది, గోడలు మింగేస్తాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది కానీ అందులో రద్దీ ఎక్కువ. చుట్టుపక్కల ఇళ్ల వైఫై అంతా అందులోనే. ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానళ్లు మూడే: 1, 6, 11. ఫోన్‌లో ఒక యాప్ వేసి చూస్తే మా వీధి రూటర్లన్నీ దాదాపు 6 మీదే ఉన్నాయి. రూటర్‌ని హాల్లో ఎత్తుగా పెట్టించి, ఛానల్ 11కు మార్చాను. పగటి పూట పని సాఫీగా సాగింది. సాయంత్రం మాత్రం మళ్లీ అదే కథ.

అప్పుడు లాప్‌టాప్‌కి నేరుగా లాన్ వైరు పెట్టి, రెండు విండోల్లో, అవతలి నుంచి జవాబు వస్తోందా అని అడిగే రెండు పింగ్‌లు నడిపాను. ఒకటి రూటర్‌కి, 192.168.1.1. ఇంకోటి బయటి సర్వర్‌కి, 8.8.8.8. నెట్ పోయినప్పుడు రూటర్ నుంచి జవాబు టకటకా వస్తూనే ఉంది, బయటిది ఆగిపోయింది. అంటే తప్పు మా వైఫైది కాదు, ఇంట్లోకి వచ్చే లైన్‌ది. ఆ క్షణంలో ఫైబర్ బాక్సు మీద ఎల్ఓఎస్ అనే ఎర్ర లైటు మిణుకుమంటోంది. బాక్సుకు వెలుతురు అందట్లేదని దానర్థం. లోడ్ ఎక్కువైతే నెట్ నెమ్మదిస్తుంది గానీ ఆ లైటు వెలగదు.

నెట్ పోయిన టైములన్నీ నోట్‌బుక్‌లో రాసిపెట్టాను. అన్నీ పొద్దుగూకే వేళవే. ఆ వేళకు మా ఇంట్లో మారేదేంటని చూస్తే, అమ్మ దీపం పెట్టి దోమలు రాకుండా కిటికీ వేస్తుంది. కనెక్షన్ ఇచ్చినప్పుడు గోడకు రంధ్రం వేయకుండా ఫైబర్ కేబుల్‌ని ఆ కిటికీ సందులోంచే లోపలికి లాగారు. రెక్క మూస్తే కేబుల్ చౌకట్టుకు నొక్కుకుని మడత పడుతోంది. వెలుతురు ప్రయాణించే గాజు పోగు నడిమి భాగం మందం 9 మైక్రాన్లే. మరీ వంచితే వెలుతురు పక్కకు జారిపోతుంది.

వచ్చే వెలుతురు కొలిచే మీటర్ తెస్తేనే ఇంట్లోకి రమ్మని లైన్ అబ్బాయితో గట్టిగా చెప్పాను. పవర్ మీటర్ తెచ్చాడు. కిటికీ తీసి ఉంటే మైనస్ 22 డీబీఎం. అమ్మతో కిటికీ వేయించాను. మైనస్ 29. ఆ ఏడు అంకెల తేడాకు వచ్చే వెలుతురు ఐదో వంతుకు పడిపోతుంది. మైనస్ 27, 28 దాటితే బాక్సు పట్టుకోలేదు. అతను రెండుసార్లు కిటికీ వేసి తీసి చూసి, "నిజమే అక్కా" అన్నాడు. మర్నాడు గోడకు రంధ్రం కొట్టి, కొత్త కేబుల్ వేసి, స్ప్లైసింగ్ మిషన్‌తో అతికించి వెళ్లాడు. ఆ సాయంత్రం నుంచి నెట్ పోలేదు. నా ఉద్యోగం నిలిచింది.

ఇన్ని నెలలు పట్టడానికి కారణం, రెండు జబ్బులు ఒకటిగా కనిపించడమే. వైఫై బలహీనత ఒకటి, లైన్ మడత ఇంకోటి. ఒకటి బాగుచేసినా రెండోది మిగిలి ఉంటే ఏమీ బాగుపడనట్టే అనిపిస్తుంది. అందుకే మీకూ ఇలా అవుతుంటే ముందు లాన్ వైరు పెట్టి చూడండి. నెట్ పోయిన టైము, అప్పుడు వెలిగిన లైటు రాసుకోండి. ఎర్ర లైటు వెలిగితే రీస్టార్ట్ మాటకు ఊరుకోకండి. మీటర్ పెట్టి అంకె చూపించమనండి. నగరంలో నెట్ పోతే ఆఫీసుకెళ్లి కూర్చోవచ్చు. తొర్రూరు లాంటి ఊళ్లో ఇంటికొచ్చే ఆ ఒక్క తీగే మన ఆఫీసు. దాన్ని సరిగ్గా వేయమని, సరిగ్గా చూడమని అడిగే హక్కు నెలనెలా బిల్లు కట్టే ప్రతి ఒక్కరికీ ఉంది.