మా బెంచీలో రెండోవాడు



ఈ వారం వాక్యం రాయడానికి కూర్చుంటే మా చెయ్యి సాగలేదు. ఒకటో తరగతి నుంచి పదో తరగతి వరకు మా పక్కనే కూర్చున్న స్నేహితుడు పోయిన నెలలో మరణించాడు. గుండెపోటు. నలభై ఆరేళ్లు. అతని పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ఇంటి దుఃఖం వారిది. మేము చెప్పుకోవలసింది మా సంగతి.

తగరపువలస ఎరిగినవారికి గోస్తనీ నది తెలుసు. అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల దగ్గర పుట్టి, మా ఊళ్ల పక్కగా పారి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. వేసవిలో ఇసుక బయటపడేది. బడి వదిలాక పుస్తకాల సంచులు అక్కడ పడేసి, చేతులతో చెలమ తవ్వి నీళ్లు తాగేవాళ్లం. మాకు ఆత్రం ఎక్కువ. నీరు ఊరగానే దోసిలి పెట్టేవాళ్లం. అతను చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "ఉండరా, బురద దిగనీ."

వాళ్ల నాన్న చిట్టివలస జూట్ మిల్లు కార్మికుడు. ఇంట్లో గడియారం లేదు, మిల్లు కూతే గడియారం. చదువు అయ్యాక అతనూ ఆ మిల్లులోనే చేరాడు. గోగునారకు లోకమంతా బిమ్లీ జూట్ అన్న పేరు మన భీమునిపట్నం వల్లే వచ్చిందని గర్వంగా చెప్పేవాడు. "మన ఊరి పేరు ఓడెక్కి వెళ్లిందిరా" అనేవాడు. మేము వేదాంత పాఠశాలకు వెళ్లి, డిప్లొమా ముగించి, ఈ పల్లెలో సంఘ కాపరిగా వచ్చాం. అతను విశ్వాసి కాదు. అయినా ప్రతి డిసెంబరులో నిచ్చెన మోసుకొచ్చి, మందిరం కప్పు మీద నక్షత్రం కట్టేది అతనే. "ఏట్రా పాస్టరూ, మీ దేవుడి పుట్టినరోజుకి మా నిచ్చెనే కావాలేటి?" అని నవ్వేవాడు.

2009లో మిల్లు మూతపడింది. వేల కుటుంబాలు ఒక్కసారిగా వేరే బతుకు వెతుక్కోవలసి వచ్చింది. ఆ రోజుల్లో ఒక సాయంత్రం అతను మా ఇంటికి వచ్చాడు. పెద్దకొడుకు బడి ఫీజుకు మూడు వేలు కావాలన్నాడు. బీరువాలో ఉన్నది మందిరం ప్రహరీ గోడ డబ్బు. దాన్ని ముట్టకూడదు, అది న్యాయమే. కానీ మా సొంత డబ్బు కూడా ఇంట్లో ఉంది. మేము దాని మాట ఎత్తలేదు. నీ కోసం ప్రార్థన చేస్తామని చెప్పాం. అతను ఒక్క క్షణం మా ముఖంలోకి చూసి, "సర్లేరా, అదీ కావాలి కదా" అని లేచి వెళ్లాడు.

ఆకలిగా ఉన్న సహోదరుని ఒట్టి మాటతో పంపేస్తే ఏం ప్రయోజనమని యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో అడుగుతాడు. ఆ భాగం మీద మేము ఎన్నో ప్రసంగాలు చేశాం.

2014 అక్టోబరు 12 ఆదివారం. హుద్‌హుద్ తుపాను. ఆ రోజు మందిరంలో ఆరాధన లేదు, గాలి పెట్టిన కేకలే. తెల్లవారి చూస్తే మందిరం రేకులు పొలంలో పడి ఉన్నాయి. దారంతా చెట్లు కూలిపోయి బండి నడిచే వీలు లేదు. అయినా అందరికంటే ముందు వచ్చినవాడు అతనే. భుజాన తాడు, వెనక పెద్దకొడుకు. రెండు రోజులు మాతో ఉండి రేకులు ఎక్కించాడు. అతని ఇంటి పెంకులు కూడా లేచిపోయాయని మాకు తర్వాత తెలిసింది.

ఆనాడైనా క్షమించమని అడగవలసింది. రేపు అడుగుదాం, క్రిస్మస్‌కి వచ్చినప్పుడు అడుగుదాం అనుకుంటూ పదేళ్లు గడిపేశాం.

గోస్తనీ ఒడ్డున దహనం జరిగింది. తిరిగి వస్తుంటే ఒక విశ్వాసి మెల్లగా, "అయ్యగారూ, ఆయన రక్షణ పొందాడంటారా?" అని అడిగాడు. తీర్పు తీర్చేవాడు మాకంటే అతన్ని బాగా ఎరిగినవాడు, న్యాయవంతుడు అని మాత్రం చెప్పగలిగాం. మూడు వేల దగ్గర చెయ్యి ముడుచుకున్న మాకు అతని లెక్క చూసే అధికారం ఎక్కడిది?

ప్రియులారా, లాజరును లేపబోతున్నానని ఎరిగి కూడా ప్రభువు కన్నీరు విడిచాడు. కాబట్టి స్నేహితుని కోసం ఏడవడం అవిశ్వాసం కాదు. అయితే ఏడ్చి ఊరుకోవడానికి వీల్లేదు. యోనాతాను కోసం దావీదు విలాపగీతం పాడాడు. రాజైన తర్వాత, యోనాతానును బట్టి మేలు చేయడానికి ఆ ఇంట ఎవరైనా మిగిలారా అని వెదికించాడు. రెండు కాళ్లూ కుంటివాడైన మెఫీబోషెతును రప్పించి తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. పోయినవానికి తీర్చలేని బాకీ ఉన్నవారికి తీర్చాడు.

మన విశాఖలోనూ ఇలాంటి మాదిరి ఉంది. జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు 1805లో విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1809లో క్రాన్ మరణించాడు. డెస్ గ్రాంజెస్ పని ఆపలేదు, ఆనందరాయర్ సహాయంతో సువార్తల అనువాదం కొనసాగించాడు. 1810లో అతనూ వెళ్లిపోయాడు. 1812లో శ్రీరాంపూర్‌లో ఆ సువార్తలు అచ్చయ్యేనాటికి ఇద్దరూ లేరు. ఒకరు దించిన బరువు మరొకరు ఎత్తుకున్నందుకే మన భాషలో మనకు వాక్యం అందింది.

పదకొండో రోజు దాటాక మేము అతని ఇంటికి వెళ్లాం. 2009 నాటి సంగతి అతని భార్యకు చెప్పి, చేతులు జోడించాం. ఆమె ఆశ్చర్యంగా చూసింది.

"అదేటి అన్నయ్యా అలగంటావు? నువ్వు ప్రార్థన చేసిన వారంలోనే అద్దెకి ఆటో దొరికిందని మా ఆయన ఎన్నిసార్లు చెప్పేవాడో. ఆ నిచ్చెన మోసుకెళ్లినప్పుడల్లా అదే మాట."

ఆ రాత్రి మేము నిజంగా ప్రార్థన చేశామో లేదో మాకు గుర్తు లేదు. ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. మా నోటి మాటను అతను నమ్మాడు. మా మాట కంటే అతని నమ్మకమే దేవుని చెవికి చేరిందేమో.

చిన్నకొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. చదువు ముగిసే వరకు అతని ఫీజు మా జీతంలోంచి కడతామని ఆమెతో చెప్పాం. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు నేర్పినా, ఇక్కడ రాస్తున్నాం. ఇది దానం కాదు, పాత బాకీ. మేము తప్పితే మీరు అడగాలి.

అతను ఉంటే "బురద దిగనీరా" అనేవాడు. మా మనసులో ఇంకా దిగలేదు.

మీకూ అలాంటి స్నేహితుడు ఒకడు ఉండి ఉంటాడు. చెప్పవలసిన మాట ఏదో ఆగిపోయి ఉంటుంది. చదవడం ఆపి, ఇప్పుడే ఫోను చేయండి.

ప్రభువా, మా పెదవుల మీద ఆగిపోయిన ప్రార్థనలను క్షమించు. ఆ తల్లిని, ఆ బిడ్డలను నీ బల్ల దగ్గర కూర్చోబెట్టుకో. ఆమేన్.