గోడపై కలంకారీ

మచిలీపట్టణపు ప్రాచీన కలంకారీ వస్త్రమొకటి గృహకుడ్యమును అలంకరించినపుడు, కరక్కాయ కషాయమునందును పాలయందును తడిసి, పటిక సోకిన చోటులనే ఎఱుపును, మైనము పూయని తావులనే నీలిని గ్రహించిన ఆ నూలుబట్ట, 17వ శతాబ్దమున పారశీకమునకును ఐరోపాకును ఓడలపై తరలిన మన పనివారి నేర్పునకు ప్రత్యక్షసాక్ష్యముగా నాకు గోచరించును. ఇనుమును బెల్లమును ఊరవేసి తీసిన నలుపు కాలక్రమమున దారమును తినివేయును గావున, చిత్రమునకు ఆకృతినిచ్చిన రేఖయే మొదట శిథిలమగుట నన్ను మిక్కిలి కలచివేయును. వెలుతురు హరించిన వర్ణము మరల రాదు. కావుననే ఎండ సోకని గోడ నెంచుకొని, మేకులు కొట్టక, వెనుక మెత్తని నూలుగుడ్డ కుట్టి వ్రేలాడదీసి, కొన్ని మాసములకు దించి, మడతపెట్టక చుట్టి, చీకటిలో విశ్రమింపజేయుదును. ఇట్టి వస్త్రమును సేకరించినవాడు, పేరు తెలియని ఆ శిల్పుల శ్రమను తరువాతి తరమునకు చెడకుండ అప్పగింప బద్ధుడని నా దృఢవిశ్వాసము.