పర్సులో ఉన్న హంపి

మీ పర్సులో నీలం రంగు యాభై రూపాయల నోటు ఉంటుంది కదా! బయటికి తీయకుండా చెప్పండి చూద్దాం, వెనకవైపు ఏం బొమ్మ ఉంది? 2017 నుంచీ కూరల బండి దగ్గరా, కిరాణా కొట్లోనూ చేతులు మారుతున్న నోటే. అయినా చాలామంది తడుముకుంటారు. అది హంపి విఠలాలయం ముందున్న రాతిరథం.

సిగ్గుపడకండి. 1979లో అమెరికాలో నికర్సన్, ఆడమ్స్ అనే పరిశోధకులు అక్కడివాళ్లను రోజూ వాడే పెన్నీ నాణేన్ని గుర్తున్నంతవరకు గీయమంటే, ఎక్కువమంది తప్పులే గీశారు. నోటును రంగు చూసి పోల్చుకుంటాం, ఇక బొమ్మతో పనేముంది? హాల్లో దండ వేసిన నాన్నగారి ఫొటో కూడా అంతే. రోజూ దీపం పెడతాం. తాతయ్యది గళ్ల చొక్కానా, చారల చొక్కానా అని పిల్లలు అడిగితే మాత్రం లేచి వెళ్లి చూడాల్సిందే.

అలాగని పరిచయం ఎప్పుడూ మరుపే తెస్తుందనుకోకండి. హంపిలోనే హజార రామాలయానికి వెళ్లండి. గోడల మీద మూడు వరసల్లో రామాయణం చెక్కారు. పుత్రకామేష్టి, తాటక వధ, మాయలేడి... మనకి గైడు అక్కర్లేదు. "ఇదిగో లేడి, ఇక సీతమ్మను ఎత్తుకుపోతాడు" అని ముందే చెప్పేస్తాం. కథ తెలుసు కాబట్టి ఏ బొమ్మ చోట ఆ బొమ్మ కుదురుకుంటుంది, ఇంటికొచ్చాకా వరసగా గుర్తొస్తుంది. అదే ప్రాకారం బయట ఏనుగులూ, గుర్రాలూ, నాట్యకత్తెలూ ఎంత ముచ్చటగా ఉన్నా, దేని పక్కన ఏది ఉందో చెప్పలేం. పట్టుకోవడానికి కథ లేదు మరి! అందుకే పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ముందురోజు రాత్రే రామాయణం చెప్పి పడుకోబెట్టండి. సెల్‌ఫోనుతో వంద ఫొటోలు తీసుకోవడం కంటే అదే నయమని నా అభిప్రాయం.

విరూపాక్షాలయం రంగమంటపం కప్పు చూడాలంటే మెడ నొప్పెడుతుంది. అయినా చూడండి. గిరిజా కల్యాణం, మత్స్యయంత్రాన్ని కొడుతున్న అర్జునుడు, అన్నీ మనవాళ్లే.

ఇక ఆ రథం. నిజానికి అది గరుత్మంతుడి గుడి. ముందు ఏనుగులుంటాయి. వాటి వెనక్కి తొంగిచూస్తే గుర్రాల వెనక కాళ్లూ, తోకలూ మిగిలి కనిపిస్తాయి. మొదట అక్కడ గుర్రాలే ఉండేవన్నమాట! పైన ఇటుక గోపురమూ ఉండేది. 1856లో గ్రీన్‌లా అనే ఆయన తీసిన ఫొటోలో ఉంది, ఇప్పుడు లేదు.

హోస్పేటలో రైలు దిగితే హంపి పదమూడు కిలోమీటర్లు. నీడ తక్కువ, గొడుగూ మంచినీళ్లూ మరిచిపోకండి.