కోసే ముందు నేర్పండి

గుంటూరు కొత్తపేటలో అడుగడుక్కీ ఆసుపత్రి బోర్డే. నేను వెతుక్కుంటూ వెళ్లిన చోట బోర్డు మీద ఫిజియోథెరపీ అన్న ఒక్క మాటే ఉంది. మెట్లెక్కితే మోకాళ్ల నొప్పులవాళ్లు, నడుము పట్టేసినవాళ్లు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. లోపల తెర కట్టిన ఇంకో గది ఉంది. తుమ్మితే, దగ్గితే మూత్రం పడిపోయేవాళ్లు, గర్భసంచి జారినట్టుందని భయపడేవాళ్లు ఆ గదికి వస్తారు. అక్కడ ఏం చేస్తారో దాపరికం లేకుండా రాయమని మా మహిళల పేజీ ఎడిటర్ గారు పంపారు.

నేను వెళ్లేసరికి యాభై ఏళ్లు దాటిన ఒకామె లోపలుంది. మిరపకాయల తొడిమలు తీసే కూలి. నేను కూర్చోవచ్చా అని ఫిజియోథెరపిస్టు ఆమెనే అడిగారు. "కూచోనీ అమ్మా, నాలాంటోళ్లు ఇంకా శానామంది ఉన్నారు" అందామె.

"ఘాటుకి తుమ్ములు ఆగవు. తుమ్మినప్పుడల్లా చీర తడుస్తది. వాసనొస్తదేమోనని మూలకెళ్లి కూచుంటన్నా. నీళ్లు తాగడం కూడా మానేశా" అని చెప్పింది. ఎన్నేళ్ల నుంచి అని అడిగితే, "చిన్నోడు పుట్టినప్పటి నుంచి" అంది. ఆ చిన్నోడికి ఇప్పుడు పెళ్లయింది. ఇంతకాలంలో ఆమెను కూర్చోబెట్టి ఈ సంగతి అడిగినవాళ్లే లేరంటే నాకు కోపం వచ్చింది. ఒకచోట చూపించుకుంటే గర్భసంచి తీసేయించుకోమన్నారట.

మొదటిసారి వెళ్లినప్పుడు చాలాసేపు మాటలే సాగుతాయి. ఎన్ని కాన్పులు, బిడ్డ ఎంత బరువు, కుట్లు పడ్డాయా, విరేచనం సాఫీగా అవుతుందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, భర్తతో కలిసినప్పుడు నొప్పి ఉంటుందా అని అడుగుతారు. ఎప్పుడు ఎంత తాగారో, ఎన్నిసార్లు వెళ్లారో, ఎప్పుడు తడిసిందో మూడు రోజులపాటు రాసుకు రమ్మంటారు. చదువు రాని ఈమెకు కాగితం మీద గీతలు పెట్టడం నేర్పారు. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుందనీ, మలబద్ధకం వచ్చి ముక్కాల్సి వస్తే కండరాలు మరింత సాగుతాయనీ చెప్పారు.

ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు రెండు చేతుల వేళ్లూ పెనవేసి చూపించారు. ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా ఈ కండరాలు ఊయలలా ఉంటాయి. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరిభాగం వీటి మీదే ఆని ఉంటాయి. కాన్పులో ఇవి విపరీతంగా సాగుతాయి. వీటినే పెల్విక్ ఫ్లోర్ అంటారు.

అందరూ భయపడేది లోపలి పరీక్షకే. ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, ఒప్పుకుంటేనే చేస్తారు. గ్లవ్ వేసుకున్న ఒక్క వేలితో కండరం పట్టు చూసి, సున్నా నుంచి ఐదు వరకు ఒక అంకె వేస్తారు. "వద్దంటే అక్కడితో ఆపేస్తా, పైనుంచే నేర్పిస్తా" అని ఆవిడ రెండుసార్లు చెప్పాకే తెర వేశారు. ఎంత గట్టిగా నొక్కుతారని తర్వాత అడిగితే నా ముంజేతి మీద వేలు పెట్టి చూపించారు. తాకినట్టు తెలిసింది, అంతే.

తెర తీశాక నేర్పడం మొదలైంది. నా కళ్లు ఆ ఫిజియోథెరపిస్టు ఎడమచేతినే అంటిపెట్టుకున్నాయి. చీర మీదుగా పొత్తికడుపు మీద ఆ చెయ్యి ఊరికే ఆని ఉంది. "గాలి పోకుండా ఆపుకున్నట్టు బిగించి, లోపలికి పైకి లాగు పెద్దమ్మా" అన్నారు. పెద్దమ్మ ఊపిరి బిగబట్టింది, పొట్ట ఉబ్బింది, ఆ చెయ్యి పైకి లేచింది. "చూడు, పొట్ట నా చేతిని తోస్తోంది. కింద కండరం చేయాల్సిన పని ఇది చేసేస్తోంది." మళ్లీ చేసింది. ఈసారి తొడలు బిగిశాయి. రెండు వేళ్లతో తొడ మీద తట్టి "ఇది వదులు" అన్నారు. విసుగు లేదు, తొందర లేదు. చాలాసేపటికి పెద్దమ్మ మామూలుగా ఊపిరి తీసుకుంటుండగా ఆ చెయ్యి కదలకుండా నిలిచింది. "అదీ! మూడు లెక్కపెట్టి పూర్తిగా వదిలెయ్." ఆ వెంటనే కావాలని దగ్గించారు. ముందు బిగించి, అప్పుడు దగ్గాలి. మిరపఘాటులో ఆమెకు పనికొచ్చేది ఇదే.

ఇలా బిగించి వదిలే కెగెల్ వ్యాయామాల పేరు ఇప్పుడు ఫోన్లున్న అందరికీ తెలుసు. 1948లో అమెరికన్ డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ వాటి గురించి రాసినప్పుడు, కండరం బిగుస్తోందో లేదో స్త్రీకి చూపించే పరికరాన్ని కూడా తయారుచేశాడు. వ్యాయామం పేరు నిలిచింది, చూసి సరిచేయడం పక్కకుపోయింది. 1991లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, నోటిమాటగా చెబితే 47 మందిలో సుమారు సగం మందే సరిగా చేయగలిగారు. పాతికశాతం మంది సమస్య ముదిరే పద్ధతిలో చేశారు. నేర్చుకునేది చేతి కింద నేర్చుకోవాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

పైగా అందరికీ బిగించడమే మందు కాదు. కొందరికి ఈ కండరాలు ఎప్పుడూ బిగుసుకుపోయి ఉంటాయి. దాంపత్యంలో నొప్పి భరించలేక అత్తింట్లో మాటలు పడే కొత్త పెళ్లికూతుళ్లు ఎందరో. వాళ్లకు నేర్పేది వదలడం, నెమ్మదిగా ఊపిరి తీయడం. ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత మూత్రం ఆపుకోలేని మగవాళ్లకు మాత్రం బిగించే శిక్షణే ఇస్తారు.

బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు సూచించే నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం దగ్గితే తుమ్మితే మూత్రం పడేవాళ్లకు మొదటి వైద్యం ఈ బిగించే శిక్షణే. పూటకు కనీసం ఎనిమిదిసార్లు చొప్పున రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు, ఒకరి పర్యవేక్షణలో చేయాలి. ఫ్రాన్స్‌లో కాన్పయిన తల్లికి ఈ శిక్షణ ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య బీమా భరిస్తుంది. మన దగ్గర చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3 శాతం పైచిలుకైతే, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతానికి దగ్గర. కొన్ని ఆపరేషన్లు తప్పనివే, కాదనను. కానీ గర్భసంచి తీసేసినంత మాత్రాన సాగిన కండరానికి బలం రాదు. ఈ పెద్దమ్మకు కత్తి పేరు చెప్పినవాళ్లున్నారు, కండరం పేరు చెప్పినవాళ్లు లేరు.

కాన్పయ్యాక 42 రోజుల లోపు ఆశా కార్యకర్త పలుమార్లు ఇంటికి వచ్చి బిడ్డను చూస్తుంది. ఆ రాకల్లో తల్లిని "తుమ్మితే మూత్రం పడుతోందా?" అని కూడా అడగాలి. పడుతోందన్న తల్లిని పంపడానికి ప్రతి జిల్లా ఆసుపత్రిలో తెర కట్టిన ఒక గది, ఈ పని తెలిసిన ఒక ఫిజియోథెరపిస్టు ఉండాలి. చదువుతున్న అక్కలకు, చెల్లెళ్లకు ఒక మాట. మూత్రంలో రక్తం, మంట, జ్వరం ఉంటే ముందు డాక్టరుకు చూపించుకోండి. అవి లేకుండా తడుస్తుంటే మాత్రం, పిల్లల్ని కన్నాక ఇంతేలే అని సరిపెట్టుకోవద్దు, నీళ్లు తాగడం మానొద్దు. నేర్పేవాళ్ల దగ్గరికి వెళ్లి నేర్చుకోండి.